గులాబి కాళ్ళది

"నూరేళ్ళ వెనక్కి పోయి పందెం కాయమంటే
రెంటిలో ఏది ముందు పోతుందనేవాడివి, డెల్ఫీన్?"
ఆలకాయి బురదలో పిక్కల దాకా దిగబడి
నోహోలానీ అక్క అడిగింది.

నేను పెన్సిలు నములుతున్నాను.
వాన. అంటే రోజూ ఉండేదే,
కవాయి దీవి నడినెత్తిన మబ్బు
ఎన్నడూ ఆరని తువ్వాలు.

రెండూ థ్రష్ పిట్టలే, తోబుట్టువులంటే తోబుట్టువులే.
కామావో పెద్దది. పొట్టి ముక్కు, నల్లని కాళ్ళు.
పువాయోహి చిన్నది. సన్నని పొడవు ముక్కు,
కాళ్ళు మాత్రం గులాబి,
స్నానం చేయించి అప్పుడే తువ్వాల్లోంచి తీసిన
చంటిదాని పాదాల్లా.

ఆ రోజుల్లో ఈ అడవికొచ్చిన వాళ్ళు రాసుకున్నారు:
కామావో అంత మామూలు పిట్ట ఇక్కడ మరొకటి లేదని.
పువాయోహి ఎప్పుడో, ఎక్కడో,
కనబడితే ఆ పూటకి అదే కబురు.

నేనైతే చిన్నదాని మీదే కాసేవాణ్ణి.
ఎవరైనా అంతే.
ఉన్న చొక్కా అమ్ముకునైనా కాసేవాళ్ళం.

అక్క తాత కెకాహా చెరుకు మిల్లులో పనిచేశాడు.
కొండ మీద పందుల వేటకెళ్ళి
తెల్లవారకముందే లేచేవాడట.
చెట్టు కొసనుంచి కామావో పైకెగిరి, పాడి,
రాయిలా కిందికి పడేదట.
"ఎలా పాడేది తాతా?" అంటే
"ఏమో, ఎప్పుడూ ఉండేదిగా, ఎవరు విన్నారు?" అన్నాడట.

దాని గూడు ఎలా ఉండేదో
నేను వెతికిన ఏ పుస్తకంలోనూ లేదు.
గుడ్డు రంగూ లేదు.
అంత మామూలు పిట్ట కదా,
రేపు చూద్దాంలే అనుకుని ఉంటారు.

చిన్నది వాగు గట్టున, నిట్టనిలువు రాతి పగుల్లో,
నాచు చాటున కాపురం పెట్టింది.
అందుకే మిగిలిందా?
దోమలంటాం, దోమ మోసుకొచ్చే జ్వరమంటాం,
ఎలుకలంటాం, పెనుగాలులంటాం,
మీటింగుల్లో బోర్డు మీద బాణాలు గీస్తాం.
నిజం చెప్పమంటే, నాకు తెలియదు.

హోనొలులులో ఒకసారి సొరుగు లాగి చూపించారు.
రెండూ పక్కపక్కన, వెల్లకిలా,
కళ్ళ స్థానంలో దూది.
కాళ్ళకి దారం, దారానికి చీటీ.
నేను గులాబి కోసం వెతికాను.
లేదు. రెండింటి కాళ్ళూ ఒకటే రంగు, ఎండు పుల్లల రంగు.
ఆ గులాబి
చర్మంలో లేదు, నెత్తుట్లో ఉంది.

జాబితాలో ఒకదాని ఎదుట 'అంతరించింది'.
రెండోదాని ఎదుట 'తీవ్ర ప్రమాదంలో'.
మధ్యలో ఉన్న ఖాళీలో
మేమిద్దరం, ఒక నిచ్చెన, ఎలుక ఎక్కలేని పెట్టెలు,
తడిసిన బిస్కెట్లు.
ఇంకా ఐదొందలు ఉన్నాయంటారు, అటూ ఇటూగా.
అటా ఇటా అన్నదే మా ఉద్యోగం.

ఏటికేడు దోమలు మరో నాలుగు మెట్లు పైకొస్తున్నాయి.
పిట్టలు కూడా పైకి జరుగుతాయి.
ఆ తర్వాత కొండ అయిపోతుంది.

పద్నాలుగో పెట్టె దగ్గర అక్క చెయ్యెత్తింది.
నూనె లేని గేటు కీలులా
ఒక కిర్రు. మళ్ళీ ఒక కిర్రు.
దీన్ని పాట అనడానికి
ఎంతో కొంత ప్రేమ కావాలి.

ఓలాపా పండు ముక్కున కరుచుకుని
రాతి అంచున వాలింది.
నీళ్ళ తుంపరలో ఒంటి కాలి మీద నిలబడింది,
ఒక్క గులాబి గీత.

"పందెం సంగతి చెప్పలేదు," అంది అక్క.
ఓడిపోయే వాణ్ణి అన్నాను.
ఆ మాట అంటుంటే నవ్వొచ్చింది,
ఓడినందుకు ఇంత సంతోషపడ్డ రోజు గుర్తులేదు.

నోట్‌బుక్కులో రాశాను:
ఒకటి. పెద్దది. బహుశా మగది.
వినబడింది రెండుసార్లు.
తర్వాత 'పెద్దది' కొట్టేసి
'వయసొచ్చినది' అని దిద్దాను.
పెద్దది అన్న మాట
ఈ దీవిలో వేరే పిట్టది.